బెత్తం లేని తరగతిని ఎలా నడుపుతున్నారు? (టీచర్లు, తల్లిదండ్రులు రాయండి)

లెక్కల మాస్టారు, విజయనగరం జిల్లా

2025 మార్చిలో మా జిల్లాలోనే, బొబ్బిలి మండలంలో, ఒక హైస్కూల్ హెచ్‌ఎం గారు పిల్లలందరి ఎదుట గుంజీలు తీసిన వీడియో మీరంతా చూసే ఉంటారు. పిల్లలకు చదవడం, రాయడం సరిగా రావడం లేదు, కొట్టలేం, గట్టిగా మందలించలేం, ఇక మేమేం చేయాలి అన్నది ఆయన ఆవేదన. విద్యాశాఖ మంత్రి లోకేశ్ కూడా స్పందించి ఆయన్ను అభినందించారు. ఆ వీడియో గురించి బయట మాట్లాడుకోవడం ఎప్పుడో ఆగిపోయింది గానీ మా స్టాఫ్ రూమ్‌లో మాత్రం ఆగలేదు. బెత్తం పోయాకే చదువు పోయిందని కొందరంటారు. బెత్తం ఉన్న రోజుల్లో దెబ్బలకు భయపడి బడే మానేసిన వాళ్ళెందరో లెక్క తీయమని ఇంకొందరంటారు.

నేను ఎనిమిది, తొమ్మిది తరగతులకు లెక్కలు చెబుతాను. సిలబస్ ప్రకారం బీజగణితం చెప్పాలి. కానీ తరగతిలో చాలామందికి అప్పు తెచ్చుకునే తీసివేత కూడా రాదు. బోర్డు మీద ఎక్స్, వై అని రాయగానే వెనక వరసల్లో గుసగుసలు మొదలవుతాయి. నేను చూసినంతలో అల్లరిలో సగం అక్కడే పుడుతోంది. ముక్క అర్థం కాని చోట పీరియడంతా కదలకుండా కూర్చోమంటే ఏ పిల్లవాడు కూర్చుంటాడు? మిగతా సగం వేరే. ఫోన్లు, సినిమా డైలాగులు, ఆడపిల్లల ముందు గొప్ప చూపించుకోవడం, ఇళ్ళలో గొడవలు.

మీ అభిప్రాయాలు తప్పకుండా రాయండి. దాంతో పాటు గంట కొట్టాక తరగతిలోకి వెళ్ళి మీరు అసలు ఏం చేస్తారో కూడా రాయండి. నాకు కావలసింది అదే.

రిటైర్డ్ హెచ్‌ఎం, కృష్ణా జిల్లా

మాస్టారూ, మీరు అడిగింది చాలా అవసరమైన ప్రశ్న. నా మాట సూటిగా చెబుతాను. భయం లేని చోట చదువు నిలబడదు. భయం అంటే వాతలు తేలేలా కొట్టడం కాదు. మాస్టారు వరండాలో కనబడితే మాట ఆగిపోవాలి. ఆ మాత్రం భయం ఉండాలి. మేము ఉద్యోగంలో చేరినప్పుడు తండ్రి పిల్లవాణ్ణి తెచ్చి, "కళ్ళు వదిలేసి ఎక్కడైనా కొట్టండి మాస్టారూ, వాడు మనిషైతే చాలు" అనేవాడు. మేమేమీ కొట్టేవాళ్ళం కాదు. ఆ మాట పిల్లవాడి చెవిన పడితే చాలు. ఇల్లూ బడీ ఒక్క మాట మీద ఉన్నాయని వాడికి తెలిసేది.

ఇప్పుడు ఆ ఒక్క మాట లేదు. పిల్లవాడు తోటివాడి తల పగలగొట్టినా, ఎందుకు కొట్టావని గద్దించిన టీచర్ మీదే ఫిర్యాదు వెళుతుంది. మర్నాటికి మీడియా, మండల విద్యాధికారి (ఎంఈవో) గారు, విచారణ. అది చూసిన మిగతా టీచర్లు ఏం నేర్చుకుంటారు? పాఠం చెప్పి బయటికి వచ్చేయడమే క్షేమం అనుకుంటారు. పిల్లలకు దానికంటే పెద్ద నష్టం ఉందా? చెడుదారి పట్టేవాణ్ణి చూసీ చూడనట్టు వదిలేసే టీచర్ కంటే, చెవి పట్టుకుని ఆపే టీచరే వాడికి మేలు చేస్తాడు. దండం దశగుణం భవేత్ అని పెద్దలు ఊరికే అనలేదు.

న్యాయవాది, నల్గొండ

హెచ్‌ఎం గారి అనుభవం మీద నాకు గౌరవం ఉంది. అయితే చట్టం విషయంలో స్టాఫ్ రూముల్లో సగం సగం మాటలే తిరుగుతున్నాయి కాబట్టి అది రాస్తాను.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే విద్యా నిబంధనలు సవరించి బడిలో దెబ్బలను నిషేధించారు. అంతకు ముందే, 2000లో, ఢిల్లీ హైకోర్టు అక్కడి నిబంధనల్లో దెబ్బలకు వీలు కల్పించే భాగాన్ని కొట్టేసింది. ఆ తర్వాత విద్యాహక్కు చట్టం వచ్చింది. అది 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని 17వ సెక్షన్ శారీరక శిక్షను, మానసిక వేధింపును రెండింటినీ నిషేధిస్తుంది. ఉల్లంఘిస్తే సర్వీసు రూల్స్ ప్రకారం చర్య ఉంటుంది. ఈ చట్టం 6 నుంచి 14 ఏళ్ళ వాళ్ళకే కదా, తొమ్మిది, పది తరగతుల వాళ్ళను కొట్టవచ్చు కదా అని కొందరు నన్నే అడిగారు. కుదరదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ 18 ఏళ్ళ లోపు అందరికీ వర్తిస్తుంది. తన సంరక్షణలో ఉన్న పిల్లల పట్ల క్రూరంగా ప్రవర్తిస్తే 3 ఏళ్ళ వరకు జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. గాయమైతే ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఎలాగూ ఉంది.

ఇక టీచర్ల భయం గురించి. అది కూడా న్యాయమైనదే. 2025 మార్చిలోనే కేరళ హైకోర్టు ఒక బెయిల్ కేసులో, టీచర్ మీద ఇలాంటి ఫిర్యాదు వస్తే వెంటనే అరెస్టు చేయకుండా ముందు ప్రాథమిక విచారణ జరపాలని చెప్పింది. అది కేరళ వరకే అయినా, ఆ ఆలోచన ఇక్కడా రావాలి. మన బడుల్లో కొరత అక్కడే ఉంది. ఏం చేయకూడదో చట్టం చెప్పింది. పిల్లవాడు హద్దు మీరితే ఎవరు ఏం చేయాలో ఏ బడిలోనూ కాగితం మీద ఉండదు. అది లేకపోబట్టే గద్దించిన టీచర్ ఒంటరివాడవుతున్నాడు.

ఇంకో మాట కూడా చెప్పాలి. జాతీయ బాలల హక్కుల కమిషన్ మార్గదర్శకాల్లో కులం పేరుతో, తల్లిదండ్రుల వృత్తి పేరుతో ఎత్తిపొడవడం కూడా మానసిక వేధింపే. శిక్ష పేరుతో చీపురు ఎవరి చేతికి వెళుతోందో, టాయిలెట్ల వైపు ఎవరిని పంపుతున్నారో గమనించండి. అన్ని ఇళ్ళ పిల్లలకూ ఒకే శిక్ష పడిన బడి నేను చాలా తక్కువగా చూశాను.

ఒంటరి బడి టీచర్, ఎస్జీటీ

మాస్టారూ, గంట కొట్టాక ఏం చేస్తామో రాయమన్నారు కదా, నేను అదే రాస్తాను. నేను ఎస్జీటీని, అంటే ప్రాథమిక తరగతుల టీచర్‌ని. మాది ఒకే టీచర్ ఉన్న బడి. ఒకటి నుంచి ఐదు వరకు అన్ని తరగతులూ నావే.

చిన్నపిల్లల గొడవలు ఎక్కడ మొదలవుతాయో కాస్త కనిపెట్టి చూడండి. నోట్సు దిద్దే చోట మొదలవుతాయి. టీచర్ కుర్చీలో కూర్చుని "దిద్దించుకోండి" అనగానే బల్ల చుట్టూ అందరూ గుమిగూడతారు. ముందున్నవాడి నోట్సు దిద్దే లోపు వెనకవాడు తోస్తాడు, పక్కవాడి పలక పడుతుంది, ఒకడు ఏడుస్తాడు. మనం తలెత్తి ఆ చివర దొరికినవాణ్ణి తిడతాం. నేను కుర్చీలో కూర్చుని దిద్దడం లేదు. వాళ్ళు కూర్చున్న చోటికే పెన్ను పట్టుకుని వెళ్ళి, పక్కన చతికిలబడి దిద్దుతాను. తోపులాట పోయింది. ఎవరికి ఏది రావడం లేదో కూడా అక్కడికక్కడే కనబడుతుంది.

రెండోది పెన్సిళ్ళు. మెండర్ కోసం, రబ్బరు కోసం జరిగినన్ని కొట్లాటలు మా బడిలో ఇంకే కారణానికీ జరగవు. కిటికీ గూట్లో ఒక గ్లాసులో చెక్కిన పెన్సిళ్ళు పెడతాను. మొన విరిగితే ఆ గ్లాసులో వేసి ఇంకొకటి తీసుకోవాలి. అడగక్కర్లేదు, లేచి తిరగక్కర్లేదు. సాయంత్రం ఐదో తరగతి పిల్లలు ఇద్దరు అన్నీ చెక్కి పెడతారు.

అయిదు తరగతులు ఒకేసారి ఎలా అంటే, మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ స్కూలు వాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న బడుల కోసం కార్డులతో ఒక పద్ధతి తయారు చేశారు. గోడ మీద నిచ్చెన లాంటి చార్టు ఉంటుంది. ఏ పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో వాడికే తెలుసు, ఆ బొమ్మ ఉన్న కార్డు వాడే వెళ్ళి తీసుకుంటాడు. కర్ణాటకలో నలి-కలి పేరుతో నడిచింది దీని నుంచి వచ్చిందే. తమిళనాడు బడుల్లోకి కూడా వెళ్ళింది. నేను దాన్ని పూర్తిగా పాటించడం లేదు, నా వీలును బట్టి మార్చుకున్నాను. పని చేతిలో ఉన్న పిల్లవాడు గొడవ చేయడని చెప్పను. చేస్తాడు, కానీ తక్కువ.

రిటైర్డ్ హెచ్‌ఎం, కృష్ణా జిల్లా

అమ్మా, మీరు రాసింది చదివితే సంతోషంగా ఉంది. ఆ పెన్సిళ్ళ గ్లాసు సంగతి ప్రతి ప్రాథమిక బడికీ పనికొస్తుంది. కానీ తొమ్మిదో తరగతికి పెన్సిళ్ళ గ్లాసు చాలదు. మీసాలు వస్తున్న పిల్లవాడు టీచర్ ముఖం మీదే "ఏం చేస్తారు సార్?" అంటే ఏం చేయాలి? ఆ ప్రశ్నకు జవాబు కావాలి.

వరంగల్ అమ్మ

నేను టీచర్‌ను కాదు, తల్లిని. మా బాబు ప్రైవేటు స్కూల్లో ఆరో తరగతి. వాళ్ళ స్కూల్లో ఎవరూ కొట్టరు. కానీ యూనిట్ టెస్టు అయ్యాక తక్కువ మార్కులు వచ్చినవాళ్ళ పేర్లు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెడతారు. ఫీజు టర్మ్ దాటితే పిల్లల్ని ఆఫీసు బయట నిలబెడతారు. ఫీజు కట్టాల్సింది మేమైతే నిలబడేది వాడా? న్యాయవాది గారు చెప్పిన మానసిక వేధింపు ఇది కాదా?

హెచ్‌ఎం గారూ, ఇల్లూ బడీ ఒక్క మాట మీద ఉండాలన్నారు. ఉండాలనే నేనూ కోరుకుంటా. కానీ మా గ్రూపులో సగం మంది తల్లిదండ్రులు స్కూలు నుంచి ఫోన్ వస్తే ఆ రాత్రి పిల్లవాణ్ణి కొడతారు. టీచర్లకూ అది తెలుసు. "మీ నాన్నకు ఫోన్ చేస్తా" అన్న మాటే అక్కడ బెత్తం. బెత్తం బడి నుంచి ఇంటికి మారింది, అంతే. నాకు ఫోన్ చేసి, మీ వాడు ఈ రోజు ఇలా చేశాడు, ఎందుకో మాకు అర్థం కాలేదు, ఇంట్లో ఏమన్నా జరిగిందా అని అడిగిన టీచర్ ఒక్కరే ఒక్కరు. ఆ మేడమ్ చెబితే మా వాడు వింటాడు.

పీఈటీ, ప్రకాశం జిల్లా

మీసాలు వస్తున్న పిల్లవాడి గురించి నేను చెబుతా. హైస్కూళ్ళలో క్రమశిక్షణ అంటే పీఈటీ (వ్యాయామ టీచర్) పని. కర్ర ఇచ్చి గేటు దగ్గర నిలబెడతారు. ఆలస్యంగా వచ్చినవాణ్ణి పరిగెత్తించాలి, జుట్టు పెంచినవాణ్ణి మంగలి షాపుకు పంపాలి, తరగతిలో ఎవరు కుదురుగా లేకపోయినా "పీఈటీ సార్ దగ్గరికి పంపుతా" అంటారు. ఆటలు నేర్పాల్సిన మనిషిని బూచిని చేశారు. ఆ పైన ఆటల పీరియడ్ ఇంగ్లీషుకో సైన్సుకో ఇచ్చేస్తారు. పదో తరగతికైతే సంక్రాంతి దాటాక గ్రౌండ్ మొహమే చూపించరు. అల్లరి చేస్తే ఆటలు బంద్ అని శిక్ష వేస్తారు. వాడికి బడిలో ఇష్టమైనది అదొక్కటే ఉన్నప్పుడు!

మా బడిలో తరగతుల్లో ఎవరి మాటా వినడని పేరున్న పిల్లవాడు ఒకడున్నాడు. కబడ్డీ బాగా ఆడతాడు. కూతకు వెళ్ళి కాలు గీత దాటితే విజిల్ ఊదుతా. నోరెత్తకుండా బయటికి వెళ్ళి కూర్చుంటాడు. ఎందుకు వింటున్నాడు? గీత అందరికీ కనబడుతోంది. ఎమ్మెల్యే గారి బంధువు కొడుకు దాటినా అదే విజిల్. అవుట్ అయినవాడు మళ్ళీ పాయింటు రాగానే లోపలికి వస్తాడు, మ్యాచ్ అయ్యేదాకా వాణ్ణి దెప్పిపొడిచేవాళ్ళు ఉండరు. తరగతి గదిలో ఈ మూడూ లేవు. హద్దు టీచర్‌కో రకంగా ఉంటుంది, మొహం చూసి మారుతుంది, ఒకసారి పేరు పడితే ఏడాదంతా వాడే దొంగ.

"ఏం చేస్తారు సార్?" అని వాడు నలుగురి ముందు అన్నాడంటే, నలుగురి ముందే జవాబు చెప్పకూడదు. అక్కడ తగ్గితే వాడి పరువు పోతుంది కాబట్టి ప్రాణం పోయినా తగ్గడు. "పీరియడ్ అయ్యాక మాట్లాడదాం" అని పాఠం కొనసాగించాలి. పీరియడ్ అయ్యాక తప్పకుండా మాట్లాడాలి. చాలామంది ఆ రెండోది చేయరు, మర్చిపోతారు. దాంతో అందరికీ అలుసైపోతుంది.

బీఎడ్ కాలేజీ లెక్చరర్

పీఈటీ గారు చెప్పినది మా పాఠ్యపుస్తకాల్లో ఉన్నదాని కంటే బాగుంది. దానికి తోడుగా రెండు పరిశోధనల గురించి చెప్పాలి. బీఎడ్‌లో వీటిని పరీక్ష కోసం బట్టీ పట్టించి వదిలేస్తున్నామనేది నా బాధ.

జాకబ్ కూనిన్ అనే అమెరికన్ ప్రొఫెసర్ ఒకసారి క్లాసులో పేపర్ చదువుతున్న ఒక విద్యార్థిని మందలించాడు. అతను సరే, మందలింపు తగలని మిగతావాళ్ళు కూడా సర్దుకుని కూర్చున్నారు. ఒకరిని అంటే పదిమంది మీద పడే ఈ ప్రభావం ఏమిటో తేల్చాలని ఆయన ఏళ్ళ తరబడి తరగతి గదులను వీడియో తీసి చూశాడు. 1970లో పుస్తకంగా వచ్చిన ఆ పరిశోధనలో తేలినది ఆయన వెతికినది కాదు. అల్లరి జరిగాక టీచర్ ఎలా స్పందిస్తాడన్న దాన్ని బట్టి మంచి తరగతికీ గోలగా ఉండే తరగతికీ తేడా రావడం లేదు. తేడా అంతా అల్లరికి ముందే ఉంది. బోర్డు మీద రాస్తున్నా గదంతా తన కళ్ళలో ఉందని పిల్లలకు తెలిసేలా ఉండటం, ఒక పని నుంచి ఇంకో పనికి మారేటప్పుడు ఖాళీ లేకుండా చూడటం, ఒకడితో మాట్లాడుతూనే మిగతావాళ్ళను గమనించడం. బల్ల దగ్గర గుమిగూడటం మాన్పించిన ఎస్జీటీ మేడమ్ చేసినది అచ్చంగా ఇదే.

రెండోది మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు చేసినది. టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని ఆమె రికార్డింగులు విని లెక్కగట్టింది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, నోరు విప్పని పిల్లలు విప్పారు, అదుపు చేయాల్సిన సందర్భాలు కూడా తగ్గాయి. మన దగ్గర ప్రశ్న పూర్తి కాకముందే ముందు బెంచీ వాళ్ళు కోరస్‌గా జవాబు చెప్పేస్తారు, మనం "గుడ్" అని ముందుకెళతాం. వెనక బెంచీ వాడికి ఆ తరగతిలో పనే లేదు.

గురుకులం పాత విద్యార్థి, ఉమ్మడి నల్గొండ

నేను ఏడేళ్ళు గురుకులంలో చదివిన. మా జిల్లాలోని సర్వేల్‌లోనే 1971లో పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మొదటి గురుకులం మొదలైంది. క్రమశిక్షణ అనగానే తప్పుగా చూడొద్దని చెప్పడానికే ఇది రాస్తున్న. తెల్లవారకముందే లేవడం, వ్యాయామం, స్టడీ అవర్, ప్లేటు ఎవరిది వాళ్ళే కడుక్కోవడం, ఇదంతా నాలాంటి వాళ్ళకు ఇంట్లో దొరికేది కాదు. ఇంటి దగ్గర ఉంటే గొర్రెలు కాసేవాణ్ణి. ఆ గంటలు, ఆ వేళలే నన్ను డిగ్రీ దాకా తీసుకొచ్చినయి.

కానీ మాకు కొట్టే సార్లు ఉన్నరు, కొట్టని సార్లు ఉన్నరు. కొట్టే సార్ స్టడీ అవర్‌లో ఉన్నంతసేపు చీమ చిటుక్కుమనేది కాదు, ఆయన మెట్లు దిగంగనే అంగడి. తెలుగు సార్ ఏనాడూ చెయ్యెత్తలేదు. ఆయన రాకపోయినా ఆయన ఇచ్చిన పద్యం నేర్చుకుని కూర్చునేవాళ్ళం, ఎందుకంటే మర్నాడు ప్రతి ఒక్కణ్ణీ అడుగుతడు, రాకపోతే సాయంత్రం తన గది ముందు కూర్చోబెట్టుకుని నేర్పిస్తడు. తప్పించుకునే దారి లేకుండె. ఇప్పుడు ఆలోచిస్తే ఆయనే అందరికంటే స్ట్రిక్ట్.

డాలస్ తెలుగు నాన్న

అమెరికాలో పిల్లల్ని ఎవరూ కొట్టరని మనవాళ్ళు ఉదాహరణ చెబుతుంటారు. అది పూర్తిగా నిజం కాదు. టీచర్ కొట్టడం రాజ్యాంగ విరుద్ధమైన క్రూర శిక్ష కిందికి రాదని ఇక్కడి సుప్రీంకోర్టు 1977లో చెప్పింది. నేనుండే టెక్సస్‌లో పబ్లిక్ స్కూళ్ళలో దెబ్బకు ఇప్పటికీ చట్టం అనుమతి ఉంది, తల్లిదండ్రులు వద్దని రాసిస్తే కొట్టకూడదు. చాలా స్కూల్ డిస్ట్రిక్టులు తమంతట తాము మానేశాయి, మా అమ్మాయి చదివేది అలాంటి చోటే.

న్యాయవాది గారు అడిగిన కాగితం ఇక్కడ ఉంటుంది. ఏడాది మొదట్లో హ్యాండ్‌బుక్ ఇచ్చి పిల్లల చేత, మా చేత సంతకాలు పెట్టిస్తారు. ఫోన్ తెస్తే ఏం జరుగుతుంది, కొట్టుకుంటే ఏం జరుగుతుంది, ఎవరు పిలుస్తారు, మాకెప్పుడు చెబుతారు, అన్నీ అందులో ఉంటాయి. అందువల్ల టీచర్ నా బిడ్డ మీద పగబట్టిందన్న మాట రాదు. కౌన్సెలర్ ఉంటారు.

దీనికీ చెడ్డ వైపు ఉంది. సస్పెన్షన్లు ఎక్కువ. నల్లజాతి పిల్లలు మిగతావాళ్ళ కంటే చాలా ఎక్కువగా సస్పెండ్ అవుతున్నారని ఇక్కడి విద్యాశాఖ లెక్కలే ఏళ్ళుగా చెబుతున్నాయి. ఇంటికి పంపిన పిల్లవాడు ఆ రోజుల పాఠం పోగొట్టుకుని మరింత వెనకబడి తిరిగొస్తాడు. కాగితం రాసుకున్నంత మాత్రాన న్యాయం జరగదు, ఎవరి మీద వాడుతున్నామో కూడా చూసుకోవాలి.

ఆదోని వైపు సోషల్ టీచర్

"వెనకబడి తిరిగొస్తాడు" అన్న మాట దగ్గర ఆగి ఇది రాస్తున్నాను. మా పడమటి మండలాల నుంచి పంటలయ్యాక కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు మిరప కోతలకు వలసపోతాయి. పిల్లలూ వెళతారు, సీజనల్ హాస్టల్‌లో చోటు దొరికినవాళ్ళు ఉండిపోతారు. వెళ్ళినవాళ్ళు ఎండాకాలం ముందు తిరిగొస్తే తరగతిలో పాఠం మూడు నాలుగు అధ్యాయాలు దాటిపోయి ఉంటుంది. చేతులు మిరప ఘాటుకు మండి ఉంటాయి. నోట్సు ఉండదు. మొదటి రోజే "ఇన్నాళ్ళు ఎక్కడ తిరిగావురా, నోట్సు ఏది?" అని నిలబెడితే వాడు రెండో రోజు రాడు. వస్తే, వెనక కూర్చుని పక్కవాళ్ళను కదిలిస్తాడు. మేము వాణ్ణి అల్లరివాడు అంటాం.

హెచ్‌ఎం గారూ, మీ కాలంలో మాస్టారంటే ఉన్న భయం వల్ల తరగతి అదుపులో ఉండేదన్నారు. వలస వెళ్ళే ఇళ్ళ పిల్లలు ఆ తరగతిలో ఎంతమంది ఉండేవారు సార్? ఇప్పుడు వాళ్ళంతా బడిలో ఉన్నారు. మొదటిసారి బడి గడప తొక్కిన ఇళ్ళవాళ్ళు. తరగతి కష్టమైంది నిజమే, అది వాళ్ళు లోపలికి వచ్చినందువల్ల. ఐదో తరగతి పిల్లల్లో చాలామంది రెండో తరగతి పాఠం చదవలేకపోతున్నారని, పల్లె పిల్లల చదువు మీద సర్వే చేసే ఏసర్ నివేదికలు ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాయి. దానికి మందు బెత్తంలో లేదు.

రిటైర్డ్ హెచ్‌ఎం, కృష్ణా జిల్లా

సోషల్ మాస్టారూ, మీ ప్రశ్న న్యాయమైనది. మా తరగతుల్లో వాళ్ళు లేరు. కానీ నా మాట నేను వెనక్కి తీసుకోను. బెత్తం వద్దంటే వద్దు, చట్టం ఎలాగూ ఒప్పుకోదు. టీచర్‌కు అధికారం మాత్రం ఉండాలి. డాలస్ బాబు చెప్పిన కాగితం రాస్తే, ఆ కాగితం ప్రకారం నడుచుకున్న టీచర్ వెనక హెచ్‌ఎం, స్కూల్ కమిటీ, ఎంఈవో గారు నిలబడతారా? మొదటి ఫిర్యాదు రాగానే అందరూ పక్కకు తప్పుకుంటే ఆ కాగితం ఎందుకు? మీరంతా పిల్లల వైపు నుంచి మాట్లాడుతున్నారు, మాట్లాడాల్సిందే. మధ్యాహ్న భోజనం ఫొటో అప్‌లోడ్, హాజరు యాప్, ఆ పైన ఎలక్షన్ పనులు, వీటి మధ్య పీరియడ్ అయ్యాక ఒక్క పిల్లవాడితో కూర్చుని మాట్లాడే తీరిక టీచర్‌కు ఎక్కడుంది? ఆ తీరిక ఇవ్వకుండా ఓపికగా ఉండమని ఉపన్యాసాలు ఇవ్వడం నాకు నచ్చదు.

ఒంటరి బడి టీచర్, ఎస్జీటీ

హెచ్‌ఎం గారూ, ఈ మాట మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం. యాప్ పనులున్న రోజే మా బడిలో ఎక్కువ గొడవలు అవుతాయి. నా కళ్ళు ఫోన్‌లో ఉన్నాయని ఒకటో తరగతి పిల్లలకు కూడా తెలిసిపోతుంది.

లెక్కల మాస్టారు, విజయనగరం జిల్లా

అందరికీ ధన్యవాదాలు. మీరు రాసినవి ప్రింటు తీసి స్టాఫ్ రూమ్‌లో పెట్టాను. మా హెచ్‌ఎం గారితో మాట్లాడి మూడు పనులకు ఒప్పుకున్నాం.

ఒక పేజీలో నియమాలు రాసి, పిల్లలకు చదివి వినిపించి, వాళ్ళు మార్చమన్నవి మార్చి, తల్లిదండ్రుల సమావేశంలో పెడతాం. ఫోన్లు, కొట్లాటలు, ఆలస్యం, ఈ మూడింటికే. టీచర్లందరం ఒకేలా పాటించాలి, అదే కష్టమని మాకు తెలుసు. మా పీఈటీ గారిని గేటు డ్యూటీ నుంచి తప్పించి, వంతులవారీగా అందరం నిలబడతాం. ఆటల పీరియడ్‌ను శిక్షగా తీసేయడం ఆపేస్తాం.

ఇక నా తరగతి. రోజూ మొదటి పావుగంట బీజగణితం ముట్టుకోను. పిల్లల్ని వాళ్ళకు వచ్చిన లెక్కలను బట్టి మూడు గుంపులు చేస్తాను, తరగతిని బట్టి కాదు. తీసివేత రానివాళ్ళకు పుల్లల కట్టలతో, పది రూపాయల నోట్లు, రూపాయి బిళ్ళలతో చెబుతాను. ఇందులో నాకొక సందేహం ఉంది. ఎనిమిదో తరగతి పిల్లలకు పుల్లలు ఇస్తే చిన్నతనంగా అనుకోరా? నలుగురి ముందు సిగ్గుపడితే మళ్ళీ అల్లరికే పోతారు కదా?

ఆదోని వైపు సోషల్ టీచర్

అనుకుంటారు మాస్టారూ. పుల్లలు వద్దు, నోట్లు చాలు. కిరాణా కొట్టు బిల్లు రాసివ్వండి, రెండు వందలిస్తే చిల్లర ఎంత రావాలో లెక్కేయమనండి. అది చిన్నపిల్లల పని అని ఎవరూ అనరు. మా దగ్గర కోతల నుంచి వచ్చిన పిల్లలకు ఎన్ని టిక్కీలు (మిరప బస్తాలు) ఎత్తారో, కూలి ఎంత రావాలో నోటిలెక్కే వస్తుంది, కాగితం మీద పెట్టడమే రాదు. వాళ్ళ నోటిలెక్కను బోర్డు మీద వాళ్ళ చేతే రాయించండి. ఇంకొకటి, గుంపులకు ఏ, బీ, సీ అని పేర్లు పెట్టకండి. రెండో రోజుకే ఏది మొద్దుల గుంపో పిల్లలకు తెలిసిపోతుంది. మేము నదుల పేర్లు పెట్టాం, రెండు వారాలకోసారి పిల్లల్ని అటూ ఇటూ మారుస్తాం.

పీఈటీ, ప్రకాశం జిల్లా

మాస్టారూ, గేటు డ్యూటీ సంగతి చదివి చాలా సంతోషం వేసింది. మా హెచ్‌ఎం గారికి మీ పోస్టు చూపిస్తాను. ఆ నియమాల పేజీ తయారయ్యాక ఇక్కడ పెట్టండి, మేమూ వాడుకుంటాం.